సాకుల పంచాయితీ: పాత పెళ్లి పత్రికలతో ఒక ఆట

మా బీరువా పైన పాత పెళ్లి పత్రికల గుట్ట ఒకటుంది. వినాయకుడి బొమ్మ ఉంటుంది కాబట్టి చెత్తలో వేయడానికి మనసొప్పదు. బొమ్మ ఉన్న భాగం పక్కన పెట్టి, మిగతా అట్టను పేకముక్కల సైజులో కత్తిరించి, నింద పడినవాళ్లు చేతికొచ్చిన ముక్కలతో సాకు అల్లే ఈ ఆట తయారుచేశా. నేను అనంతపురం పాతూరులో టైలరింగ్ చేస్తా. బట్టల కత్తెరే వాడి దాన్ని మొండి చేసుకున్నా. మీరు వేరే కత్తెర తీసుకోండి.

60 ముక్కలు కావాలి. 12 మీద నిందలు రాయండి: "తాళి కట్టేటప్పుడు ఎక్కడికి పోయింటివి?", "ఫ్రిజ్‌లో ఓళిగలు ఎవరు తిన్నారు?" లాంటివి. మిగతా 48 మీద ఒక్కో వస్తువో, చోటో. ఆట పండేదీ చప్పబడేదీ ఇక్కడే. మొదట్లో నేను దెయ్యం, మంత్రి, విమానం అని రాశా. ఒక్కరూ నవ్వలేదు. దెయ్యం వచ్చిందంటే ఏమైనా జరగొచ్చు, ఇంక సాకు వెతుక్కునే పనేముంది? వాటిని తీసేసి కుక్కర్ రబ్బరు, బొరుగుల బస్తా, గుంతకల్ జంక్షన్, లేపాక్షిలో వేలాడే స్తంభం, ఎదురింటి సంపు మోటరు అని రాశాక అందరూ పొట్టలు పట్టుకున్నారు. "అప్పు" అని మాత్రం రాయొద్దు. మా ఇంట్లో ఆ ముక్క పడిన రోజు ఆట ఆగి నిజం పంచాయితీ మొదలైంది.

నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. ఒకరు పెద్దమనిషి, కుర్చీ వాళ్లకే. వాళ్ల ఎడమ పక్కనున్న వాళ్లు ముద్దాయి. ముద్దాయికి మూడు వస్తువు ముక్కలు, మిగతావాళ్లకు రెండేసి. పెద్దమనిషి నింద చదవగానే ముద్దాయి ఒక్కో ముక్కా కిందేస్తూ రెండు నిమిషాల్లో సాకు అల్లాలి. మధ్యలో ఎవరైనా "అడ్డం!" అని తమ ముక్క వేయొచ్చు, దాన్నీ కథలో కలుపుకోవాల్సిందే. "అట్లాంటిదేం లేదు" అన్నా, ఐదు లెక్కపెట్టేలోపు నోరు పెగలకపోయినా ఓడినట్టే.

మొన్న తాళి నింద మా చిన్నాయనకు పడింది. చేతిలో హెల్మెట్, వజ్రకరూరు, కుక్కర్ రబ్బరు. "పెళ్లికి కుక్కర్ కొనుక్కొని బండి మీద వస్తాంటే వజ్రకరూరు దగ్గర వాన. చేలల్లో జనం వజ్రాలు వెతుకుతాంటే నేనూ వంగినా. ఒకటి దొరికె, ఎవరూ చూడకుండా హెల్మెట్‌లో దాచినా" అన్నాడు. అవ్వ వెంటనే "అడ్డం!" అని మేకపిల్ల ముక్క వేసింది. చిన్నాయన తడుముకోలేదు. "ఆ మేకే హెల్మెట్‌లో మూతి పెట్టి రాయి మింగేసె! అది పారిపోకుండా కుక్కర్ రబ్బరు మెడకేసి పట్టుకొని, సాయంత్రం దాకా దాని వెనకాలే కూర్చున్నా."

పెద్దమనిషి "నిజమేనా?" అని అడగకూడదు. "ఆ మేక ఎవరిది? ఏ రంగు?" అని గుచ్చి అడగొచ్చు. అసలు నవ్వంతా ఆ ప్రశ్నల్లోనే పుడుతుంది.

ముక్కలన్నీ వాడి నిందకు జవాబు చెబితే విడుదల, ముక్కకో పాయింటు. లేకపోతే టీ గ్లాసులు కడగాలి. తర్వాత ముద్దాయే పెద్దమనిషి. ఒక రౌండు తిరిగాక పాయింట్లు లెక్కపెట్టండి, మా ఇంట్లో ఎవరూ పెట్టరనుకోండి.

నాలుగైదు ఖాళీ ముక్కలు అదనంగా ఉంచుకొని, ఆట అయ్యాక ఆ రోజు బాగా నవ్వించిన మాట రాసి కట్టలో కలపండి. మా కట్టలో ఇప్పుడు "చిన్నాయన మేక" అని ఒకటి ఉంది.