సాలార్‌జంగ్‌లో పాత జరీ దుస్తులు చూడబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

దసరా సెలవులకు నల్గొండ, పాలమూరు నుంచి పిల్లలతో బయల్దేరేవాళ్లకు.

శుక్రవారం వద్దే వద్దు. ఆ రోజు మ్యూజియానికి సెలవు, అంత దూరం పోయి మూసిన గేటు చూసి రావాలి.

అద్దం లేనిచోట వేలు పెట్టనివ్వకండి, చేతి చెమటకి జరీ నల్లబడుతుంది.

ఫ్లాష్ ఆపేయండి. వెలుతురుకి రంగు వెలిసిపోతుంది, అందుకే పాత బట్టలకు మామూలుగా 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) మించి వెలుతురు పెట్టరు. మసకగా ఉందని వెంటనే బయటికి రాకండి, రెండు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటుపడి ఒక్కో జరీ పోగు, దాన్ని బట్టకు పట్టి ఉంచిన సన్నటి టాకా కూడా విడిగా కనిపిస్తాయి.

అంచుల దగ్గర ఆగండి. మన గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టంచు కలిసే గీత చూశారుగా, పనితనమంతా అలాంటి చోటే ఉంటుంది.