బిగ్ బ్యాంగ్‌ను వెనక నుంచి ముందుకు కాదు, ముందు నుంచి వెనక్కి చెప్పండి

"మొదట్లో ఒక చుక్క ఉండేది. అది పేలింది. ముక్కలు నలుదిక్కులా ఎగిరిపోయాయి." విశ్వం ఎలా మొదలైందంటే చాలామంది చెప్పేది ఇదే, సిద్ధాంతం చెప్పనిదీ ఇదే. చిక్కు పేరులోనే ఉంది. 1949లో బీబీసీ రేడియో ప్రసంగంలో "బిగ్ బ్యాంగ్" అన్న మాట వాడిన ఫ్రెడ్ హోయిల్ ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోని శాస్త్రవేత్త. తెలుగులో మనం దాన్ని "మహా విస్ఫోటం" చేసి, లేని పేలుడును ఇంకాస్త ఖాయం చేశాం.

అందుకే ఎవరికైనా పాఠం చెప్పేటప్పుడు సున్నా క్షణం దగ్గర మొదలుపెట్టకండి. ఈరోజు కొలవగలిగేదాంతో మొదలుపెట్టి, సినిమా రీలు వెనక్కి తిప్పినట్టు తిప్పుకుంటూ వెళ్లండి. అలా చెబితే ప్రతి మెట్టు దగ్గరా "మీకెలా తెలుసు?" అన్న ప్రశ్నకు చూపించడానికి ఏదో ఒకటి మీ చేతిలో ఉంటుంది. గంట సమయం చాలు, అందులో సగం ఎలాస్టిక్‌కే పోతుంది, పోనివ్వండి.

కావలసినవి: బట్టలకు వేసే నేసిన ఎలాస్టిక్ పట్టీ మీటరు పైన ఇంకో 20 సెం.మీ., 11 పిన్నీసులు, కొలత టేపు, స్కెచ్ పెన్ను, ఒక రంగు పూసలు 14, మరో రంగువి 2, 150 సెం.మీ. పొడవైన కాగితం పట్టీ.

ఎలాస్టిక్

రెండు చివరలా పట్టుకోవడానికి 10 సెం.మీ. చొప్పున వదిలి, మధ్యనున్న మీటరు మీద ప్రతి 10 సెం.మీ.కు ఒక పిన్నీసు పెట్టండి. పిన్నీసు పట్టీకి అడ్డంగా ఉండాలి. పొడవు వెంబడి పెడితే ఆ మేర ఎలాస్టిక్ సాగదు, లెక్క తప్పుతుంది. ఒక్కో పిన్నీసు ఒక్కో గెలాక్సీ, ఎలాస్టిక్ వాటి మధ్యనున్న అంతరిక్షం. చుక్కలు గీస్తే సరిపోదా అంటే సరిపోదు. సాగదీసినప్పుడు చుక్క కూడా సాగుతుంది. గెలాక్సీలు అలా సాగవు, గురుత్వాకర్షణ వాటిని పట్టి ఉంచుతుంది.

ఇద్దరు చెరో చివర పట్టుకుని, అయిదు సెకన్లు లెక్కపెడుతూ మీటరు పొడవును మీటరున్నర చేయాలి. ఎడమ నుంచి నాలుగో పిన్నీసును మన పాలపుంత అనుకోండి. దాని పక్క పిన్నీసు 10 సెం.మీ. నుంచి 15కు జరిగింది. ఆ తర్వాతది 20 నుంచి 30కి, మూడోది 30 నుంచి 45కు. అంటే వేగాలు సెకనుకు 1, 2, 3 సెం.మీ. ఎంత దూరంలో ఉంటే అంత వేగం. ఇప్పుడు ఏడో పిన్నీసును పాలపుంత చేసి మళ్లీ కొలిపించండి. అవే అంకెలు వస్తాయి. "విశ్వానికి కేంద్రం ఎక్కడ?" అన్న ప్రశ్నకు జవాబు మీరు చెప్పక్కర్లేదు, కొలిచినవాళ్లే చెబుతారు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒక చివరను బల్లకు కట్టేసి రెండో చివరను లాగడం. అంకెలు మారవు కానీ కట్టేసిన చివరే కేంద్రమని కన్ను నమ్మేస్తుంది, ఆ తర్వాత మీరెంత చెప్పినా దిగదు. ఎలాస్టిక్ బదులు బెలూన్ ఊది చూపించడమూ మంచిదే కానీ లోపల ఒక కేంద్రం, ఊదే గాలి రెండూ కనబడతాయి. వాడి తీరాలంటే రబ్బరు పొర మాత్రమే విశ్వమని ముందే చెప్పండి.

"మరి ఆండ్రోమెడా మన వైపు వస్తోందిగా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నిజమే, పాలపుంత వైపు సెకనుకు దాదాపు 110 కి.మీ. వేగంతో వస్తోంది. ఇంత దగ్గరి పొరుగువాళ్ల మధ్య గురుత్వాకర్షణదే పైచేయి. సాగుడు గెలిచేది గెలాక్సీ గుంపుల మధ్యనున్న పెద్ద దూరాల్లో.

అదే ఎలాస్టిక్ మీద రెండు పిన్నీసుల మధ్య స్కెచ్ పెన్నుతో ఒక అల గీయండి, శిఖరానికీ శిఖరానికీ 2 సెం.మీ. దూరం ఉండాలి. సాగదీస్తే అది 3 సెం.మీ. అవుతుంది. దూరాన్నుంచి వచ్చే కాంతికీ ఇదే జరుగుతుంది. హైడ్రోజన్ ఎర్రగీత ప్రయోగశాలలో 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక గెలాక్సీ వర్ణపటంలో అది 721.9 దగ్గర కనిపిస్తే, ఆ కాంతి ప్రయాణంలో ఉండగా అంతరిక్షం 1.1 రెట్లు సాగిందన్నమాట. దీన్నే రెడ్ షిఫ్ట్ అంటారు. ఖగోళ శాస్త్రవేత్త స్లైఫర్ 1912 నుంచి ఈ జరుగుళ్లను కొలుస్తూ వచ్చాడు. దూరాలు కొలిచే దారి హెన్రియెట్టా లీవిట్ చూపింది. 1927లో లెమెత్ర్ సమీకరణాల నుంచి వ్యాకోచాన్ని రాబట్టాడు, 1929లో హబుల్ దూరాలనూ వేగాలనూ ఒకే గ్రాఫులో పెట్టాడు. ఘనత మొత్తం హబుల్‌కే కట్టబెట్టడం పాత అలవాటు.

వయసు లెక్క

సాగిన ఎలాస్టిక్ మీద దూరాన్ని వేగంతో భాగించండి. 15/1, 30/2, 45/3. అన్నింటికీ 15 సెకన్లే. ఇదే వేగంతో వెనక్కి నడిస్తే అన్నీ 15 సెకన్ల క్రితం ఒకచోట ఉండాలి. ఎలాస్టిక్ నిజానికి ఎప్పుడూ సున్నా పొడవు లేదని ఎవరైనా ఎత్తి చూపితే సంతోషించండి, ఆ అనుమానం చివర్లో అక్కరకొస్తుంది.

ఇప్పుడు అసలు అంకెలు. ప్రతి మెగాపార్సెక్ దూరానికి వేగం సెకనుకు సుమారు 70 కి.మీ. పెరుగుతుంది. ఒక మెగాపార్సెక్ అంటే 3.09 × 10¹⁹ కి.మీ. 70తో భాగిస్తే 4.4 × 10¹⁷ సెకన్లు. ఏడాదికి 3.16 × 10⁷ సెకన్లు కాబట్టి 1,400 కోట్ల సంవత్సరాలు. ఒప్పుకున్న వయసు 1,380 కోట్లు. ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది. వ్యాకోచం మొదట నెమ్మదించింది, తర్వాత వేగం పుంజుకుంది, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు అయ్యాయి. ఒక బిలియన్ అంటే వంద కోట్లు, పది కోట్లు కాదు. తెలుగులో ఈ లెక్క తప్పేది చాలావరకు ఇక్కడే.

70 అన్నది రాజీ అంకె. నేపథ్య వికిరణం (తొలి విశ్వం నుంచి మిగిలిన కాంతి, దాని కథ కింద వస్తుంది) నుంచి లెక్కిస్తే 67 వస్తుంది, సూపర్నోవాల (పేలిపోయే నక్షత్రాల) ద్వారా కొలిస్తే 73. తేడా ఇంకా తేలలేదు. హబుల్ కాలంలో ఈ అంకె దాదాపు 500. దానితో వయసు కడితే 200 కోట్ల ఏళ్లే వచ్చింది, భూమి వయసు కన్నా తక్కువ! తప్పు సిద్ధాంతంలో లేదు, దూరాల కొలతలో ఉంది.

పొగమంచు తొలగిన క్షణం

వెనక్కి వెళ్లేకొద్దీ విశ్వం ఇరుకవుతుంది, వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత 3,000 కెల్విన్ (పరమ శూన్యం నుంచి లెక్కించే డిగ్రీలు) దాటితే ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో నిలవవు. విడి ఎలక్ట్రాన్లకు తగిలి కాంతి చెదిరిపోతుంది, పొగమంచులో దీపం వెలుగులాగా. విశ్వం వయసు 3,80,000 ఏళ్లప్పుడు ఈ మంచు తొలగింది. అప్పుడు బయల్దేరిన కాంతి, సాగి సాగి రేడియో తరంగాలై, ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. నేపథ్య వికిరణం అంటే ఇదే. 1965లో రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్ తమ ఆంటెనాలో ఎటు తిప్పినా పోని గుర్రుమన్న చప్పుడుగా దీన్ని పట్టుకున్నామని ప్రకటించారు. భౌతిక శాస్త్రవేత్తలు ఆల్ఫర్, హెర్మన్ 1948లోనే దాదాపు 5 కెల్విన్ల వికిరణం మిగిలి ఉండాలని లెక్కగట్టారు. ఇప్పటి కొలత 2.725 కెల్విన్లు.

అంతరిక్షం ఎన్ని రెట్లు సాగితే ఈ వికిరణం ఉష్ణోగ్రత అన్ని రెట్లు తగ్గుతుంది. 3,000ను 2.725తో భాగిస్తే సుమారు 1,100. అంతరిక్షం అన్ని రెట్లు సాగిందన్నమాట. అంటే ఎలాస్టిక్ మీద 1 సెం.మీ. అల 11 మీటర్లవుతుంది. గది సరిపోకపోతే వరండాలో అడుగులేసి చూపించండి.

పదహారు పూసలు

నన్నడిగితే అరగంట పాఠంలోనైనా వదలకూడని భాగం ఇదే. మొదటి సెకను దగ్గర విశ్వం సుమారు వెయ్యి కోట్ల కెల్విన్ల వేడిలో ఉంది. ప్రోటాన్లు న్యూట్రాన్లుగా, న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారుతూండేవి. న్యూట్రాన్ కాస్త బరువు ఎక్కువ, అందుకే చల్లబడేకొద్దీ వాటి సంఖ్య తగ్గింది. కేంద్రకాలు నిలదొక్కుకునే మూడు, నాలుగు నిమిషాల వేళకు ఏడు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ చొప్పున మిగిలాయి. అంటే 14 పూసలకు 2: ఒక రంగువి ప్రోటాన్లు, మరో రంగువి న్యూట్రాన్లు.

ఇప్పుడు 2 న్యూట్రాన్లు, 2 ప్రోటాన్లు కలిపి ఒక హీలియం చేయండి. 12 ప్రోటాన్లు మిగిలాయి, అవే హైడ్రోజన్. బరువులో హీలియం వాటా 16లో 4, అంటే 25 శాతం. నక్షత్రాల చేతులు పెద్దగా పడని పాత వాయువులో కొలిస్తే వచ్చేదీ దాదాపు అంతే. పూసలు లెక్కపెట్టి ఆకాశంలోని అంకెను రాబట్టారు మీరు.

"మరి ఇనుము, కార్బన్ ఎందుకు తయారు కాలేదు?" హీలియానికి ఇంకో పూస అతికించమనండి: 5. రెండు హీలియంలు కలపమనండి: 8. ఈ రెండు బరువుల దగ్గరా నిలకడైన కేంద్రకమే లేదు, చేసిన వెంటనే విడిపోతుంది. ఆ గండం దాటేలోపు విశ్వం చల్లబడిపోయింది. కాస్తంత లిథియం మాత్రం దొరికింది, అయితే కొలిచిన దానికన్నా లెక్కలో మూడు రెట్లు ఎక్కువ వస్తోంది. ఆ లొసుగును దాచకండి.

కాలరేఖ

కాగితం పట్టీ మీద ఎడమ నుంచి 60 సెం.మీ. దగ్గర "1 సెకను" అని రాయండి. అక్కణ్నుంచి కుడికి ప్రతి 5 సెం.మీ.కు కాలం పది రెట్లు పెరుగుతుంది. ఆ గుర్తు నుంచి కొలిస్తే మూడు నిమిషాలు 11 సెం.మీ. దగ్గర, మంచు తొలగడం 65 దగ్గర, ఈరోజు 88 దగ్గర పడతాయి. మామూలు స్కేలు వాడితే మొదటి మూడు నిమిషాలు గీత మందంలో కలిసిపోతాయి.

ఎడమవైపు ప్రతి 5 సెం.మీ.కు కాలం పదోవంతు. "1 సెకను" గుర్తుకు ఎడమగా 25 సెం.మీ. దగ్గర ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఏర్పడ్డాయి. పట్టీ ఎడమ అంచు 10⁻¹² సెకను, కణ త్వరణ యంత్రాల్లో పరీక్షించగలిగిన శక్తులు ఇంచుమించు అక్కడిదాకే. సున్నా ఎక్కడ రాయాలని అడిగితే పట్టీని ఇంకో మీటరు పొడిగించి చూడమనండి. ప్రతి 5 సెం.మీ.కు పదోవంతు అవుతూనే ఉంటుంది, సున్నా మాత్రం రాదు. ఆ అంచు దగ్గర గీత గీసి మూసేయకండి, "చుక్క" అనీ రాయకండి. కాగితాన్ని అలా తెరిచే వదిలేయండి.