ఇంట్లో షుగర్ మీటరు – మూడో పాఠం: 108 అంటే 108 కాదు

మొదటి పాఠంలో రక్తపు చుక్క ఎలా తీయాలో చూశాం. రెండో పాఠంలో పరగడుపున ఎప్పుడు చూడాలి, తిన్నాక రెండు గంటలు ఎక్కడినుంచి లెక్కపెట్టాలి (మొదటి ముద్ద నుంచి, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు) అన్నది చూశాం. ఇవాళ్టి పని తెరమీద వచ్చిన అంకెను చదవడం. షుగరు జబ్బు లేకపోయినా, ఇంట్లో మీటరు ఉంది కదా అని చూసుకుని, ఆ అంకె పట్టుకుని నిద్ర పాడుచేసుకునేవాళ్ల కోసం రాస్తున్న పాఠం ఇది. మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు దీన్ని తమకు అన్వయించుకోవద్దు. వాళ్ల హద్దులు వేరు, వాళ్లకు డాక్టరుగారి మాటే లెక్క.

ఒక నోటుబుక్కు పేజీ ముందు పెట్టుకుందాం. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇల్లనుకోండి. అత్తగారికి షుగరు, మీటరు ఆవిడది. కోడలికి నలభై దాటాయి, జబ్బేమీ లేదు. ఒకరోజు పొద్దున్నే పరగడుపున చూసుకుంటే 108 వచ్చింది. గుండె దడదడలాడింది. రెండు నిమిషాలాగి ఇంకో వేలికి గుచ్చుకుంటే 99. హమ్మయ్య అనుకుంది గానీ మనసు ఒప్పుకోలేదు. మూడోసారి 113. "అత్తయ్యగారూ, నాకూ వచ్చేసినట్టుందండీ" అంటూ కుర్చీలో కూలబడింది. "అయ్యో అమ్మాయ్, ఇవాళ్టినుంచి నువ్వు అన్నం ముట్టుకోకు" అని ఆవిడ ఆ పూటకు రెండు పుల్కాలు చేసి పెట్టింది.

పది నిమిషాల్లో మూడు అంకెలు. ఏది నిజం?

ఇంట్లో వాడే మీటర్లకు ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2013 కూర్పు ప్రకారం, ల్యాబులో అసలు విలువ 100 కంటే తక్కువైతే మీటరు 15 పాయింట్లు అటూ ఇటూ చూపించవచ్చు. 100, ఆపైన అయితే 15 శాతం అటూ ఇటూ. అదీ నూటికి 95 సార్లు ఆ హద్దులో ఉంటే చాలు. అంటే కంపెనీ సరుకు బాగానే ఉన్నా, మీరు అన్నీ సరిగ్గా చేసినా, ఇంత తేడా మామూలే.

ఇప్పుడు పెన్ను తీసుకుని ఆ పేజీ మీద ఇలా రాయండి. 108లో 15 శాతం సుమారు 16, కాబట్టి 108 పక్కన "92–124". 99 పక్కన 15 తీసి, 15 కలిపి "84–114". 113లో 15 శాతం సుమారు 17, దాని పక్కన "96–130". మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. 96 నుంచి 114 వరకూ మూడింటిలోనూ ఉంది. అంటే ఆ పది నిమిషాల్లో ఆమె రక్తంలో షుగరు ఏమాత్రం కదలకపోయినా ఈ మూడు అంకెలూ రావచ్చు. పెరగలేదు, తగ్గలేదు, మళ్లీ పెరగలేదు. మీటరే అటూ ఇటూ ఊగింది. ఆమె మాత్రం ఊగిన ప్రతిసారీ ఒక జబ్బు తెచ్చుకుని, పోగొట్టుకుని, మళ్లీ తెచ్చుకుంది.

మూడూ కలిపి సగటు తీస్తే సరిపోతుందా అని అడుగుతారు. ఊగిసలాట కొంత తగ్గుతుంది. కానీ ఒకే డబ్బాలోని స్ట్రిప్పులన్నీ ఒకేవైపు కాస్త ఎక్కువ చూపిస్తుంటే, ఎన్నిసార్లు చూసినా సగటు కూడా ఎక్కువే వస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లకు చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే కదా, అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

దీనికి తోడు మనం చేజేతులా కలిపే తప్పులుంటాయి. వేసవిలో నూజివీడు రసాలు తిన్న చేతిని దూదితో, స్పిరిటుతో తుడుచుకుని గుచ్చుకుంటే, వేలికి అంటిన పండు తీపి చుక్కలో కలిసి అంకె అమాంతం పైకెళుతుంది. స్పిరిటు ఆ తీపిని పూర్తిగా తీయదు. సబ్బు, నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడుచుకోవాలి. అనుమానంగా పెద్ద అంకె కనిపిస్తే ముందు చేయి కడుక్కుని మళ్లీ చూడండి, కంగారు తర్వాత పడదాం. స్ట్రిప్పుల సంగతి ఇంకోటి. చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని ఉంటుంది. రోహిణీ కార్తెలో మన గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఫ్యాను కింద కూడా అంతకంటే వేడే. అలాగని ఫ్రిజ్‌లో పెడితే, తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, చెక్క అల్మరాలో, మూత బిగించి పెట్టండి. వంటింట్లో వద్దు. మూత తెరిచిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాయండి. తెరిచాక ఎన్ని నెలలు పనికొస్తాయో కంపెనీ దానిమీదే వేస్తుంది.

అత్తగారి సూది కోడలు వాడకూడదు. సూది మార్చి, వేలికి గుచ్చే అదే పెన్ను వాడటం కూడా తప్పే, హెపటైటిస్ బి లాంటివి అలాగే పాకుతాయి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

ఇక హద్దుల మాట. పరగడుపున 100 లోపు మామూలు, 100 నుంచి 125 షుగరుకు ముందు దశ, 126 ఆపైన షుగరు జబ్బు అని అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ముందు దశను 110 నుంచి మొదలుపెడుతుంది. అంటే 104 వచ్చిన మనిషికి ఒక లెక్కలో ముందు దశ, ఇంకో లెక్కలో ఏమీ లేదు. ఇవన్నీ ల్యాబులో నరం నుంచి తీసిన రక్తానికి పెట్టిన హద్దులు. 126 వచ్చినా లక్షణాలు లేకపోతే ఇంకో పరీక్షతో రూఢి చేసుకున్నాకే జబ్బు అంటారు. అలాంటిది ఇంట్లో మీటరు మీద వచ్చిన 108కి పేరు పెట్టే అధికారం మనకెక్కడిది?

తిన్న తర్వాతి అంకెల్లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. రెండు గంటలకు 140 అనే హద్దు 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్షది, ఆవకాయ అన్నానిది కాదు. పైగా తిన్న తర్వాత వేలి చివరి రక్తంలో షుగరు నరంలో కంటే ఎక్కువగా ఉంటుంది, 20 పాయింట్ల తేడా కూడా ఉండొచ్చు. జబ్బు లేనివాళ్లకూ తిన్న గంటకు 140 దాటడం, కాసేపటికి దిగడం జరిగేదే. పొద్దున్నే ఏమీ తినకుండా అంకె కాస్త పెరిగినా కంగారుపడొద్దు. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్ల వల్ల కాలేయం షుగరు వదులుతుంది. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా పెరుగుతుంది. భయపడ్డా పెరుగుతుంది.

అలాగని పట్టించుకోవద్దని నేననడం లేదు. అమ్మానాన్నల్లో ఒకరికి షుగరుంటే, నడుము చుట్టుకొలత పెరుగుతుంటే, పరీక్ష చేయించుకోవాల్సిందే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటే, ముందు దశలో ఉన్నవాళ్లు 13 కోట్ల పైచిలుకు. కాబట్టి భయానికి ఆధారం లేకపోలేదు. దాన్ని తీర్చుకునే చోటు మాత్రం మీటరు కాదు. సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఒక మంచి ల్యాబుకు వెళ్లి, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) రెండూ ఒకేసారి ఇవ్వండి. రాత్రి తిన్నాక కనీసం 8 గంటలు ఆగాలి, మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ వద్దు. షుగరుకు రక్తం తీసేటప్పుడు బూడిద రంగు మూత ఉన్న ట్యూబులో పోస్తున్నారో లేదో చూడండి. మామూలు ట్యూబులో పోసి పక్కన పెట్టేస్తే రక్తకణాలు ఆ షుగరును తినేస్తూ ఉంటాయి, అంకె తగ్గిపోతుంది.

డాక్టరుగారు గ్లూకోజు తాగే పరీక్ష రాస్తే, దానికి ముందు మూడు రోజులు మామూలుగా అన్నం తినండి. భయంతో అన్నం మానేసి వెళ్లినవాళ్లకు ఆ పరీక్షలో అంకె లేనిపోని ఎక్కువ రావచ్చు. ఆ అత్తగారు పుల్కాలు పెట్టింది ప్రేమతోనే, కానీ పరీక్ష అయ్యేదాకా కోడలికి అన్నమే పెట్టాలి.

ఒకటి మాత్రం ఆగేది కాదు: మీటరు 200 పైన చూపించి, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం ఉంటే లెక్కలు కట్టకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ వారం అభ్యాసం. మీ నోటుబుక్కులోని చివరి అయిదు పరగడుపు అంకెలు తీసుకుని, ప్రతిదాని పక్కన పైన చేసినట్టు హద్దులు రాయండి. 100 గీత ఆ హద్దుల మధ్యలో పడితే అక్కడ ఒక సున్నా చుట్టండి. సున్నా చుట్టిన చోటల్లా మీటరు జవాబు చెప్పలేదన్నమాట. తర్వాత, ఇకమీదట గుచ్చుకునే ముందు రెండు వాక్యాలు రాయండి: "తక్కువొస్తే ఏం చేస్తాను? ఎక్కువొస్తే ఏం చేస్తాను?" రెండింటికీ "మళ్లీ చూసుకుంటాను" అనే వస్తే ఆ స్ట్రిప్పు తీయకండి. వారమంతా అలా చేసి, ఈలోగా ల్యాబులో రక్తం ఇచ్చి రండి. నాలుగో పాఠంలో ఆ రిపోర్టు చదవడం నేర్చుకుందాం. రక్తహీనత ఉన్నవాళ్లు హిమోగ్లోబిన్ కూడా చేయించుకోండి, ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, ఆ లెక్క కూడా అక్కడే చూడాలి.