గోడ మీద పల్లె – 4వ పాఠం: కొమ్మ మీద పిట్ట, కనిపించని అతుకు

గత పాఠంలో గీసిన బ్లాక్‌బెర్రీ కొమ్మను దగ్గర పెట్టుకోండి. ఈసారి దాని మీద ఒక పిట్టను వాల్చి, ఆ బొమ్మ గోడంతా అతుకు తెలియకుండా పరుచుకునేలా చేద్దాం.

1900 ప్రాంతంలో ఇంగ్లండులో నగర శివారు ఇళ్ల గోడలకు పల్లె కావాల్సి వచ్చింది. అయితే పొలం, దూరాన కొండ, పైన ఆకాశం గీసి వాల్‌పేపర్‌గా అచ్చువేస్తే ఏమవుతుంది? అదే బొమ్మ కిందికి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి పొలం కింద ఆకాశం, ఆ ఆకాశం కింద మళ్లీ పొలం వచ్చి పడతాయి. చార్లెస్ వోయ్‌సీ ఈ చిక్కును దూరాన్నే తీసేసి దాటాడు. ఆయన వాస్తుశిల్పి, గోడ గోడలాగే ఉండాలన్న పట్టుదల ఉన్నవాడు. వాల్‌పేపర్ తయారుచేసే ఎసెక్స్ అండ్ కంపెనీకి వేసిన డిజైన్లలో ఆయన పిట్టలు ఎక్కువగా పక్కవాటుగా కనిపిస్తాయి. వెలుగునీడలు ఉండవు. ఒక్కో భాగం ఒకే రంగుతో నిండి ఉంటుంది, జీవమంతా అంచు గీతలోనే. పల్లెను గోడకు తగినట్టు మలచడంలో ఆ కాలంలో ఆయనను మించినవారు లేరని నా నమ్మకం.

రంగులు తగ్గించడానికి ఇంకో కారణం చెక్క అచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చెక్కాలి. సుద్ద, జిగురు కలిపిన రంగు అద్ది, అది ఆరాకే రెండో రంగుకు వెళ్లాలి. పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. కాబట్టి మనకు నేల రంగు (బొమ్మ వెనక అంతటా ఉండే రంగు) కాక మూడే రంగులు: ఆకు, పండు, పిట్ట.

ఇంగ్లిష్ వాల్‌పేపర్ వెడల్పు 21 అంగుళాలు. మనం మూడో వంతు కొలతలో, 7 అంగుళాల చదరంలో పని చేద్దాం. కొమ్మను కింది ఎడమ మూల నుంచి ఏటవాలుగా పైకి నడపండి. పిట్టను సరిగ్గా నడుమ కూర్చోబెట్టకండి, కాస్త పక్కకు జరపండి. కన్ను, ముక్కు, రెక్క గీత చాలు. ఈకలు లెక్కపెట్టి గీయాలనిపిస్తుంది, ఆ కోరికను ఆపుకోండి.

ఇక అసలు పని. పక్క పట్టీని సగం ఎత్తు కిందికి జరిపి అంటించే పద్ధతిని హాఫ్ డ్రాప్ అంటారు. మన చదరంలో ఆ సగం మూడున్నర అంగుళాలు. కుడి అంచున పైనుంచి 1 అంగుళం దగ్గర బయటికి వెళ్లిన కొమ్మ, ఎడమ అంచున నాలుగున్నర అంగుళాల దగ్గర లోపలికి రావాలి. 5 అంగుళాల దగ్గర వెళ్లింది ఒకటిన్నర దగ్గర వస్తుంది. పై అంచు దాటినది మాత్రం కింది అంచున నేరుగా అదే చోట మొదలవుతుంది. లెక్క తడబడితే ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ ఎత్తుకుని, కుడివైపుకు జరిపి, మూడున్నర అంగుళాలు కిందికి దించి చూడండి. తెగిన ఆకు ఎక్కడ పూర్తవ్వాలో దానికదే కనిపిస్తుంది.

అంచులో సగానికి తెగిన ఆకుకు భయపడకండి. అంచులన్నీ ఖాళీగా వదిలేస్తేనే గోడ మీద గళ్లు తేలతాయి.

నాలుగు నకళ్లు తీసి, పక్క వరుసను సగం దించి గోడకు అంటించండి. ఆరడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూడండి. ఖాళీలు ఒక గీతగా బారుతీరితే ఆ దారికి అడ్డంగా ఒక ఆకును తిప్పండి. పిట్టలే ముందు కనబడి కొమ్మ మాయమైతే పిట్ట రంగును నేల రంగుకు దగ్గర చేయండి. ఈ సవరణకు తొందరపడకండి, డిజైను కుదిరేది ఇక్కడే.

కొండలు, ఆకాశం గీయాలని ఉన్నవారు నిరాశ పడనక్కర్లేదు. గోడ పైభాగాన అడ్డంగా సాగే ఫ్రీజ్ పట్టీలో అవి హాయిగా ఇముడుతాయి, ఎందుకంటే ఆ బొమ్మ పక్కకే సాగుతుంది, కిందికి రాదు. వచ్చే పాఠం దాని మీదే. అప్పటికి 21 అంగుళాల పొడవు, 7 అంగుళాల ఎత్తు ఉన్న కాగితం పట్టీలు రెండు కోసి ఉంచుకోండి.