విమానం లేకుండా యూరప్ – 4వ పాఠం: అరుదైన రైలు నుంచి వెనక్కి లెక్క

గత పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బార్సిలోనాకు ఒకే రోజులో రైళ్లలోనే చేరే దారి వెతకమన్నాను. చాలామంది జర్మన్ రైల్వే యాప్ తెరిచి, రెండు ఊళ్ల పేర్లు కొట్టి, మొదట కనిపించిన వరుసను పట్టుకుంటారు. యూరప్ రైళ్ల టైమింగ్స్ చూసుకోవడానికి ఆ యాప్ చాలా మంచిది. తను టికెట్ అమ్మని రైళ్లను కూడా చాలావరకు చూపిస్తుంది. కాకపోతే అది గడియారాన్ని బట్టి రైళ్లు జత చేస్తుందే తప్ప, ఒకటి తప్పిపోతే మీ గతేమిటన్నది ఆలోచించదు. ఆ పని మనదే.

ముందుగా దారి మొత్తంలో రోజుకు అతి తక్కువసార్లు నడిచే రైలు ఏదో కనిపెట్టండి. దాన్ని ఖాయం చేసుకున్నాక, మిగతా రైళ్లను అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఇంటి దగ్గర బయల్దేరే టైమ్ అన్నిటికన్నా చివర తేలాలి. మనవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు: "పొద్దున్న పదింటికి తీరిగ్గా బయల్దేరదాం" దగ్గర మొదలుపెట్టి ఇరుక్కుంటారు.

మన దారిలో రెండు ముక్కలున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్‌కు దాదాపు నాలుగు గంటలు. నేరుగా వెళ్లే రైళ్లు రోజూ కొన్ని ఉంటాయి. పారిస్ నుంచి బార్సిలోనాకు ఆరు గంటల ముప్పావు పైచిలుకు. నేరు రైళ్లు మామూలుగా రోజుకు రెండే. పొద్దుటి రైలు అందుకోవాలంటే ముందు రోజు రాత్రే పారిస్‌లో ఉండాలి. కాబట్టి మనం ఖాయం చేసుకోవాల్సింది మధ్యాహ్నం రైలు.

ఆ రైళ్లు అంత తక్కువ ఎందుకో చెప్పకుండా ఉండలేను. స్పెయిన్ పాత పట్టాల వెడల్పు 1668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్‌ది 1435. (మన బ్రాడ్‌గేజ్ 1676. స్పెయిన్ వాళ్లకూ మనకూ తేడా ఎనిమిది మిల్లీమీటర్లే!) అందుకే తరతరాలుగా చాలామంది సరిహద్దులో దిగి రైలు మారేవాళ్లు. స్పెయిన్ తన హైస్పీడ్ లైన్లను ఫ్రాన్స్ కొలతకే వేసుకుంది. పిరనీస్ కొండల కింద ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వారు. 2013 డిసెంబర్‌లో పారిస్–బార్సిలోనా నేరు హైస్పీడ్ రైళ్లు మొదలయ్యాయి. అంటే ఇంత పెద్ద నగరాల మధ్య ఈ సౌకర్యం నిన్న మొన్నటిదే.

ఇప్పుడు లెక్క. మీరు వెళ్లే తేదీన బార్సిలోనా రైలు మధ్యాహ్నం 2.40కి ఉందనుకుందాం. అసలు టైమ్ యాప్‌లో చూసుకోండి, ఏటా డిసెంబర్ రెండో వారాంతంలో యూరప్ టైమ్‌టేబుల్ అంతా మారిపోతుంది. ఫ్రాన్స్‌లో ప్లాట్‌ఫామ్ నంబర్ దాదాపు 20 నిమిషాల ముందు బోర్డు మీద పడుతుంది, తలుపులు రెండు నిమిషాల ముందే మూసేస్తారు. కాబట్టి 2.15 కల్లా స్టేషన్‌లో ఉండాలి. పారిస్‌లో స్టేషన్ మారడానికి 45 నిమిషాలు తీసేస్తే 1.30. ఇక మిగిలింది ఆలస్యానికి వదలాల్సిన టైమ్. 2024లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో టైమ్‌కి నడిచినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద లెక్కేయకుండా. దీనికి గంట కన్నా తక్కువ వదిలితే దారంతా టెన్షనే. అంటే 12.30 లోపు పారిస్ చేరే రైలు కావాలి.

ఇక్కడితో ఆగితే సగమే అయినట్టు. మీరు ఎంచుకున్న రైలు మొత్తానికే రద్దయిందనుకోండి, ఆ తర్వాతి రైలెక్కినా బార్సిలోనా రైలు అందాలి. అందుకే నేనైతే 12.30 లోపు చేరేవాటిలో చివరిది తీసుకోను, దానికి ముందుది తీసుకుంటాను. యాప్ మాత్రం ఒంటిగంట దాటాక చేరే రైలును కూడా "కనెక్షన్ ఉంది" అని ధైర్యంగా చూపిస్తుంది.

స్టేషన్ మారడం సంగతి. జర్మనీ రైళ్లు చాలావరకు పారిస్‌లో గార్ ద లెస్ట్‌లో ఆగుతాయి (గార్ అంటే స్టేషన్). ఫ్రాంక్‌ఫర్ట్ అయినా, స్టుట్‌గార్ట్ అయినా, మ్యూనిక్ అయినా అంతే. బార్సిలోనా రైలు గార్ ద లియాన్‌లో బయల్దేరుతుంది. సికింద్రాబాద్‌లో దిగి కాచిగూడలో ఎక్కినట్టన్నమాట. నేరు మెట్రో లేదు. ఐదో నంబర్ మెట్రోలో బాస్టీ దాకా వెళ్లి, అక్కడ ఒకటో నంబర్ ఎక్కితే తర్వాతి స్టేషనే గార్ ద లియాన్. లేదంటే పక్కనే ఉన్న గార్ దు నార్‌కు పది నిమిషాలు నడిచి, ఆర్‌ఈఆర్ (పారిస్ సబర్బన్ రైలు) డి లైన్ ఎక్కి రెండో స్టాప్‌లో దిగాలి. పెద్ద సూట్‌కేసులుంటే నా ఓటు రెండో దారికే; మెట్రోలో లైన్ మారేచోట మెట్లు ప్రాణం తీస్తాయి. చిన్నపిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఆలోచించకుండా ట్యాక్సీ ఎక్కండి. మెట్రోకు నావిగో ఈజీ అనే టికెట్లు నింపుకునే కార్డు కొనుక్కోవచ్చు. ఒక కార్డు ఒక్కరికే, నలుగురుంటే నాలుగు కొనాలి.

అన్నీ సాఫీగా జరిగితే గార్ ద లియాన్‌లో మీకు రెండు మూడు గంటలు మిగులుతాయి. వృథా అని బాధపడకండి. తెచ్చుకున్న పులిహోర తినడానికి అంతకన్నా మంచి టైమ్ దొరకదు, రైల్లోనూ ఎవరూ ఏమీ అనరు. సీటు ఎంచుకునే అవకాశముంటే పై అంతస్తు, రైలు వెళ్లే దిక్కుకు ఎడమ పక్క అడగండి. మోంపెలియే దాటాక సముద్రం అటువైపే.

ఇప్పుడు టికెట్లు. ఇక్కడ వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ లాంటివి లేవు. దొరికితే సీటు, లేకపోతే లేదు, రోజులు దగ్గరపడేకొద్దీ రేటు పెరుగుతుంది. జర్మనీ టికెట్లు ముందే తెరుచుకుంటాయి, ఫ్రాన్స్ వాళ్లు కొన్ని నెలలకొకసారి విడతలుగా తెరుస్తారు. చవగ్గా ఉందని జర్మనీ ముక్క ముందే కొనేస్తే, తర్వాత బార్సిలోనా రైలు టైమ్ కుదరకపోవచ్చు. అరుదైన రైలు టికెట్ చేతికొచ్చాకే మిగతావి కొనండి, నాలుగు యూరోలు ఎక్కువైనా సరే.

ఇంకో సంగతి, చాలామందికి నష్టం వచ్చాకే తెలుస్తుంది. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం గంట ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి ఇవ్వాలి. కనెక్షన్ పోతే గమ్యం చేర్చే బాధ్యత కూడా రైల్వేదే. అయితే ఇదంతా ప్రయాణం మొత్తం ఒకే టికెట్ అయినప్పుడు. విడివిడిగా కొంటే లెక్క కూడా విడివిడిగానే. మొదటి రైలు 50 నిమిషాలు ఆలస్యమై, దానివల్ల రెండోది పోయి మీరు మర్నాడు చేరినా, కాగితం మీద మీకు జరిగిన ఆలస్యం 50 నిమిషాలే! ఆ నియమం కింద పరిహారం సున్నా, రెండో టికెట్ డబ్బులు కూడా పోవచ్చు. అందుకే డబ్బు కట్టేముందు దారంతా ఒకే టికెట్‌గా వస్తుందేమో చూడండి. రాకపోతే ఇందాక వదిలిన గంటే మీ బీమా.

జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు అసలు పాస్‌పోర్టు, ఆ కార్డు రెండూ వెంట ఉంచుకోవాలి. షెంగెన్ (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాలు) లోపలే కదా అని ఫోన్‌లో ఫొటోతో బయల్దేరొద్దు. సరిహద్దు రైళ్లలో పోలీసులు ఎక్కి చూడటం మామూలే.

అభ్యాసం: హాంబర్గ్ నుంచి వెనిస్‌కు పగటి రైళ్లలోనే వెళ్లే దారి కాగితం మీద వేయండి. ఒక్క రోజులో ముగించనక్కర్లేదు, మధ్యలో ఓ రాత్రి ఎక్కడ ఆగాలో మీరే తేల్చండి. అరుదైన రైలు మ్యూనిక్ దగ్గర దొరుకుతుంది. అయితే అది తప్పినా రోజు పాడవదు. ఎందుకో వెరోనా స్టేషన్ టైమింగ్స్ చూసి కనిపెట్టండి. వచ్చే పాఠం రాత్రి రైళ్ల మీద. అందులో మ్యూనిక్ నుంచి రోమ్‌కు బెర్తు ఎంచుకుందాం.