ల్యాప్‌టాప్‌లో వైఫై నిలవడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ల్యాప్‌టాప్ మూలన వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. లేదంటే పది నిమిషాలు బాగా నడిచి, సరిగ్గా ఇంటర్వ్యూ మధ్యలో తెగిపోతుంది. రౌటర్ ఆపి మళ్ళీ వేస్తే కాసేపు బాగుపడుతుంది గానీ, కారణం తెలియలేదు కాబట్టి రేపు మళ్ళీ అదే తంతు. ఆ గుర్తు చెప్పేది ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య ఉన్న సిగ్నల్ సంగతి ఒక్కటే. రౌటర్ నుంచి కరెంటు స్తంభం మీది తీగ దాకా, అక్కడి నుంచి ఆపరేటర్ దాకా ఏం జరుగుతోందో దానికి తెలియదు. కాబట్టి ఏ సెట్టింగూ ముట్టుకోకముందే, తెగుతున్నది ఇంట్లోనా, ఇంటి బయటా అన్నది తేల్చుకోవాలి.

ముందు ఈ పరీక్ష చేయండి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపించేది మీ రౌటర్ నంబరు. చాలా ఇళ్ళలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. ఇప్పుడు పింగ్ (ping, అవతలి యంత్రాన్ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూసే ఆదేశం) అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ నంబరు, మళ్ళీ ఖాళీ వదిలి మైనస్ గుర్తు, దానికి ఆనించి టీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. అలాంటిదే ఇంకో విండో తెరిచి, రౌటర్ నంబరు బదులు 8.8.8.8 (ఇంటి బయట ఉండే గూగుల్ సర్వర్ నంబరు) ఇవ్వండి. రెండింటినీ అలా నడవనిచ్చి మీ పని మీరు చేసుకోండి. నెట్ తెగగానే రెండు విండోలూ చూడండి.

రెండింట్లోనూ జవాబులు ఆగితే లోపం ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే, లేదంటే రౌటర్‌లోనే. రౌటర్ నుంచి జవాబులు వస్తూ, 8.8.8.8 మాత్రమే ఆగితే లోపం లైనుది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఏం మార్చినా లాభం లేదు. రెండూ నడుస్తూ పేజీలే తెరుచుకోకపోతే చిక్కు డీఎన్ఎస్‌ది (సైటు పేరును దాని నంబరుగా మార్చే ఏర్పాటు), తేదీది, లేదా వీపీఎన్‌ది (నెట్‌ను వేరే సర్వర్ గుండా తిప్పే సాఫ్ట్‌వేర్). జవాబుకు పట్టే సమయం కూడా చూడండి. రౌటర్ దగ్గర నుంచి సాధారణంగా కొద్ది మిల్లీసెకన్లలోనే జవాబు రావాలి. అది వందల్లోకి పోతోందంటే తెగకపోయినా వైఫై ఇబ్బంది పడుతున్నట్టే.

దీంతోపాటు ల్యాప్‌టాప్ ఉన్న చోటే ఫోన్ పెట్టి, మొబైల్ డేటా ఆపి చూడండి. ఫోన్‌కూ తెగితే ల్యాప్‌టాప్‌ను అనుమానించనక్కరలేదు.

రౌటర్ జవాబిస్తోంది, బయటికి మాత్రం పోవడం లేదు

ఫైబర్ కనెక్షన్ అయితే డబ్బా మీది లైట్లు చూడండి. పాన్ (PON) లైటు పచ్చగా నిలకడగా వెలగాలి, లాస్ (LOS) లైటు ఆరి ఉండాలి. లాస్ ఎర్రగా మెరుస్తోందంటే ఫైబర్‌లో వెలుగు మీ డబ్బాదాకా రావడం లేదు. హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు కోతులు డాబాల మీద వేలాడే తీగలను గుంజడం మామూలే కాబట్టి ముందు మిద్దె మీద చూడండి. తర్వాత కిటికీ రెక్కలో, దర్వాజ సందులో తీగ నలిగిందేమో చూడండి. ఫైబర్‌ను వేలికి చుట్టినంత బిగువుగా వంచితే అది తెగకపోయినా వెలుగు బయటికి కారిపోతుంది. మిగిలిన తీగను అరచేతి వెడల్పు చుట్టగా వదులుగా కట్టాలి.

డబ్బా సెట్టింగ్స్ పేజీలో (బ్రౌజర్‌లో దాని నంబరు కొడితే తెరుచుకునేది) ఆప్టికల్ రిసీవ్ పవర్ అనే అంకె ఉంటుంది. అది మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 26, 27 దగ్గర ఊగుతోందంటే ఇవాళ నడిచినా రేపు తెగుతుంది. ఆపరేటర్‌కు ఈ అంకె చెబితే లైనుమన్ పని తేలికవుతుంది. ఫైబర్ కొనను వేలితో తాకకండి, దాని మొనలోకి కన్ను పెట్టి చూడకండి. అందులోని వెలుగు కంటికి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు నెట్ పోతోందా? ఆ క్షణంలో రౌటరే రీస్టార్ట్ అవుతోంది, కాబట్టి రెండు విండోల్లోనూ జవాబులు ఆగుతాయి. రౌటర్ కోసమే వచ్చే చిన్న డీసీ యూపీఎస్ పెడితే ఈ బాధ తీరుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసినది చదవండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి (చాలావాటికి 12), ఆంపియర్లు అంతే గానీ, ఎక్కువ గానీ ఉండవచ్చు. ఇంట్లో ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి. ఒక్కదానికి పెట్టి ఉపయోగం లేదు.

మధ్యాహ్నం తెగుతూ రాత్రికి బాగుపడితే వేడిని అనుమానించండి. ఇళ్ళలో వాడే చాలా రౌటర్లు 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. మే నెలలో రామగుండంలోనో, వరంగల్‌లోనో రేకుల గదిలో, అదీ సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టిన రౌటర్ ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. గోడకు తగిలించి, చుట్టూ గాలి ఆడేలా చూడండి.

ఇంట్లోనే తెగుతోంది

గుర్తులోని గీతలను నమ్మకుండా కొలవండి. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అని కొడితే సిగ్నల్ శాతంలో వస్తుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో అనుమతి లేదంటే సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేయండి. ఈ శాతాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేస్తే డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే అంకె, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది) వస్తుంది. అంటే 66 శాతం మైనస్ 67, 50 శాతం మైనస్ 75. వీడియో కాల్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 చుట్టుపక్కల ఉండాలి. 50 శాతం కన్నా కిందికి పోతే తెగడంలో వింత లేదు.

ఒకసారి రౌటర్ పక్కన, ఒకసారి మధ్యలో, ఒకసారి మీరు కూర్చునే చోట కొలవండి. అంకె ఒక్కసారిగా ఎక్కడ పడిపోతే అడ్డు అక్కడుంది. పాత ఇళ్ళ మందపాటి రాతిగోడలు, పైఅంతస్తుకూ కిందికీ మధ్య స్లాబు, రౌటర్‌కు ఎదురుగా నిలబెట్టిన ఇనుప బీరువా, ఇవన్నీ సిగ్నల్‌ను మింగేవే. ఎండాకాలంలోనే తెగుతోందంటే కూలర్ చూడండి. ఇనుప డబ్బా సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, లోపలి నీళ్ళు పీల్చేసుకుంటాయి. రౌటర్‌కీ మీకూ మధ్య అది నిలబడితే మార్చి నుంచి జూన్ దాకా అవస్థే.

రౌటర్‌ను ఇంటి నడుమ, మనిషి ఎత్తులో పెట్టండి. యాంటెన్నాలు నిలువుగా ఉండాలి. పైఅంతస్తుకు సిగ్నల్ కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచి చూడవచ్చు. అయినా చాలకపోతే రిపీటర్ కొనాలనిపిస్తుంది. మా సలహా మాత్రం పైకి ఒక క్యాట్ 6 కేబుల్ లాగి, అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చే డబ్బా) పెట్టమనే. ఒకే బ్యాండ్ (వైఫై నడిచే రేడియో తరంగాల పట్టీ) మీద నడిచే రిపీటర్ విన్నదాన్నే మళ్ళీ పంపాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది.

సిగ్నల్ 90 శాతం ఉన్నా, సాయంత్రం ఏడు దాటాక పింగ్ 200, 300 అవుతోందా? హన్మకొండలోని నయీంనగర్, కిషన్‌పుర లాంటి హాస్టళ్ళ వీధుల్లో ఇది ఎక్కువ. ల్యాప్‌టాప్‌లో వైఫై జాబితా తెరిస్తే ఇరవై పేర్లు కనబడే చోట అందరూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే తోసుకుంటున్నారన్నమాట. ఈ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్ళు 1, 6, 11 మాత్రమే. రద్దీ లేదు కదా అని 4 లేదా 9 పెడితే రెండు వైపుల గోలా మీకే వస్తుంది. చానల్ వెడల్పు 40 ఉంటే 20కి తగ్గించండి. అసలు మందు 5 గిగాహెర్ట్జ్‌కు మారడం. దీనికీ ఫోన్ 5జీకీ సంబంధం లేదు. అందులో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 చానళ్ళు ఎంచుకోండి. 52 నుంచి 144 దాకా ఉన్నవాటిలో రాడార్ సంకేతం వినిపిస్తే రౌటర్ ఆ చానల్ వదిలి పారిపోవాలన్నది నియమం. ఆ క్షణంలో మీ కనెక్షనూ పోతుంది. 5 గిగాహెర్ట్జ్ గోడలు అంతగా దాటలేదు, అది దాని లోటు. రౌటర్ ఉన్న గదికీ, పక్క గదికీ సరిపోతుంది.

హార్డ్ డిస్క్ తగిలించినప్పుడే వైఫై మందగించి, వైర్‌లెస్ మౌస్ కూడా తడబడుతోందంటే కారణం యూఎస్‌బీ 3. దాని రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదికి చిమ్ముతుంది. డిస్క్‌ను అవతలి పక్క పోర్టుకు మార్చండి, లేదా వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

ఫోన్ బాగుంది, ల్యాప్‌టాప్‌కే తెగుతోంది

కాసేపు ముట్టకుండా వదిలేశాక గానీ, నిద్ర నుంచి లేపాక గానీ తెగితే అది కరెంటు పొదుపు పని. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో మొదటి టిక్ తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనిపించదు. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ దాకా వెళ్ళి మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టండి.

విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి మొదలైతే డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి. అదే డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కండి. ఆ బటన్ మసకగా ఉంటే ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కింద ఉన్న డ్రైవర్ వేయండి. డ్రైవర్లు వెతికిపెడతామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

ఫోన్‌కు కనిపించే వైఫై పేరు ల్యాప్‌టాప్‌కు అసలే కనిపించకపోతే కారణం మూడింటిలో ఒకటి: కార్డుకు 2.4 మాత్రమే వచ్చి రౌటర్ 5 మీద ఉండడం, రౌటర్ 12 లేదా 13వ చానల్‌లో ఉండడం, కొత్త వైఫై 6 రౌటర్‌ను పాత ఇంటెల్ డ్రైవర్ గుర్తించకపోవడం. మొదటి రెండింటినీ రౌటర్‌లోనే సరిచేయాలి, మూడోదానికి డ్రైవర్ మార్చాలి. ఫోన్ హాట్‌స్పాట్ విషయంలోనూ అంతే, హాట్‌స్పాట్‌ను 2.4కు మారిస్తే పాత ల్యాప్‌టాప్‌కు కనిపిస్తుంది.

ఒకే పేరుతో రెండు బ్యాండ్లు ఉన్నప్పుడు కొన్ని కార్డులు అటూ ఇటూ దూకుతూ, దూకిన ప్రతిసారీ తెగుతాయి. రౌటర్‌లో రెండింటికీ వేరు పేర్లు పెట్టడం సులువైన దారి.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవకపోతే రౌటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మీద ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు మార్చండి. టీకేఐపీ అనే పాత రకం మాత్రం పెట్టకండి, అది పెడితే వేగం 54 ఎంబీపీఎస్ దాటదు. హాస్టల్ లేదా కాలేజీ వైఫైలో మాత్రమే రోజూ మళ్ళీ లాగిన్ అడుగుతుంటే, విండోస్ వైఫై సెట్టింగ్స్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆఫ్ చేయండి. అడ్రసు రోజుకోటి మారితే అక్కడి సర్వర్‌కు మీది కొత్త యంత్రంగా కనిపిస్తుంది.

ఎప్పుడెప్పుడు తెగిందో రికార్డు కావాలంటే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ (netsh wlan show wlanreport) కొట్టండి. గత మూడు రోజుల చిట్టా కారణాలతో సహా వస్తుంది.

కలిసే ఉంది, పేజీలు తెరుచుకోవడం లేదు

ఐపీకాన్ఫిగ్‌లో మీ నంబరు 169.254తో మొదలైతే రౌటర్ అడ్రసు ఇవ్వలేదన్నమాట. ఆ వైఫైని ఫర్గెట్ చేసి మళ్ళీ కలపండి, పోకపోతే రౌటర్ రీస్టార్ట్ చేయండి. నంబరు సరిగ్గానే ఉంటే డీఎన్ఎస్‌ను 1.1.1.1, 8.8.8.8గా మార్చి చూడండి. గడియారం తప్పుగా ఉన్నా సురక్షిత సైట్లు తెరుచుకోవు. పాత ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయింది. వీపీఎన్ ఉంటే పూర్తిగా తీసేసి పరీక్షించండి.

నెట్‌వర్క్ రీసెట్‌ను అన్నిటికన్నా చివరికి ఉంచండి. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేస్తుంది.

కార్డు, యాంటెన్నా

వైఫై బటనే మాయమైతే ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్ళీ వేయండి. ఇరుక్కుపోయిన కార్డు చాలాసార్లు దీంతోనే తిరిగొస్తుంది.

రౌటర్ పక్కన బాగుండి, ఫోన్ హాయిగా నడిచే పక్క గదిలో ల్యాప్‌టాప్ సిగ్నల్ 30 శాతానికి పడిపోతే యాంటెన్నా తీగను అనుమానించాలి. కార్డు నుంచి సన్నని తీగలు, సాధారణంగా నలుపు ఒకటి తెలుపు ఒకటి, మడత కీలు గుండా స్క్రీన్ అంచుకు పోతాయి. స్క్రీన్ మార్పించాకనో, కీలు విరిగాకనో ఈ జబ్బు మొదలైతే తీగ ఊడి గానీ, తెగి గానీ ఉంటుంది. ఊడిన కొనను కార్డు మీది గుండ్రటి పిన్ను మీద నిలువుగా ఆనించి, వేలి గోటితో టక్కుమనేలా నొక్కాలి. పక్కనుంచి తోస్తే పిన్ను విరుగుతుంది. తెగితే యాంటెన్నా మార్చాల్సిందే.

కార్డే పోయిందా అన్న అనుమానం తీరాలంటే స్నేహితుల దగ్గర ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ అడిగి రోజంతా వాడండి. దాంతో తెగకపోతే లోపం కార్డుదీ, దాని యాంటెన్నాదీ. చాలా ల్యాప్‌టాప్‌లలో కార్డు ఎం.2 2230 సైజులో, ఒకే స్క్రూతో ఉంటుంది. పలచటి మోడళ్ళు కొన్నింటిలో బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి యూఎస్‌బీ అడాప్టరే దారి. దుకాణంలో కార్డు మార్పిస్తే వెనక మూత బిగించాక, మీ ఎదురుగానే సిగ్నల్ శాతం చూపించమనండి. మూత తీసి ఉన్నప్పుడు పనిచేసి, బిగించేటప్పుడు తీగ నలగడం తరచుగా జరిగేదే.