ఏడు చేపల కథను పిల్లల చేత ఇంగ్లీషులో చెప్పించడం ఎలా

మూడో తరగతిలో "చేపా చేపా" అని మీరు మొదలుపెడితే చాలు, "ఎందుకు ఎండలేదు?" అని పిల్లలే అందుకుంటారు. ఇంగ్లీషు పీరియడ్‌కు ఇంతకంటే మంచి ఆసరా దొరకదు. కథకు అర్థం చెప్పక్కర్లేదు. ఎవరు ఎవరిని అడుగుతారో, నవ్వు ఎక్కడ వస్తుందో పిల్లలకు ముందే తెలుసు. తెలిసిన కథలో కొత్త మాటలు నోటికి అలవాటు చేయడమే మనకు మిగిలిన పని. పైగా కథ మొదటి నుంచి చివరి దాకా ఒకే అచ్చులో ప్రశ్న వేస్తూ పోతుంది. డ్రిల్లు చేయిస్తే పిల్లలు విసుక్కునే వాక్యాన్ని ఇక్కడ వాళ్లే మళ్లీ మళ్లీ అడుగుతారు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలుకొనే ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. పాఠం అర్థం చేసుకోవడానికి ఆ ఏర్పాటు మంచిదే. కానీ ఇంగ్లీషు వాక్యం చదవడం, వెంటనే తెలుగులో చెప్పడం అలవాటైన తరగతిలో పిల్లల చెవి తెలుగు వాక్యం కోసమే కాచుకుని ఉంటుంది. హాస్య కథకు అది మరీ చేటు, ఎందుకంటే నవ్వు తెలుగులో వచ్చేస్తుంది, ఇంగ్లీషు వాక్యం ఎవరికీ పట్టదు. అందుకని ఈ కథను వాక్యం వాక్యం అనువదించకండి. తెలుగులో ఒకసారి పూర్తిగా చెప్పి పక్కన పెట్టేయండి. ఆ తర్వాత అంతా ఇంగ్లీషే.

పాత్రలు ఏడు, ప్రశ్నలు ఏడు. బోర్డు మీద రాయాల్సిన పాఠం ఇంతే:

ఫిష్, ఫిష్, వై డిడంట్ యూ డ్రై? — ద గ్రాస్ వాజ్ ఇన్ మై వే.
గ్రాస్, గ్రాస్, వై డిడంట్ యూ మూవ్? — ద కౌ డిడంట్ ఈట్ మీ.
కౌ, కౌ, వై డిడంట్ యూ ఈట్? — ద బాయ్ డిడంట్ టేక్ మీ అవుట్.
బాయ్, బాయ్, వై డిడంట్ యూ గో? — గ్రాండ్‌మా డిడంట్ గివ్ మీ రైస్.
గ్రాండ్‌మా, గ్రాండ్‌మా, వై డిడంట్ యూ కుక్? — ద బేబీ క్రైడ్.
బేబీ, బేబీ, వై డిడ్ యూ క్రై? — ది యాంట్ బిట్ మీ.
యాంట్, యాంట్, వై డిడ్ యూ బైట్? — హి పుట్ హిజ్ ఫింగర్ ఇన్ మై గోల్డెన్ హౌస్. వోంట్ ఐ బైట్?

మన కథలో గడ్డిని "ఎందుకు అడ్డమొచ్చావు?" అని అడుగుతాం. ఇక్కడ దాన్ని "ఎందుకు జరగలేదు?" అని మార్చింది కావాలనే. అలా మారిస్తే మొదటి ఐదు ప్రశ్నలూ డిడంట్‌తో నడుస్తాయి, చివరి రెండే డిడ్‌తో వస్తాయి. ప్రతి ప్రశ్నలో మారేది పేరూ, చివరి క్రియా మాత్రమే. చీమ జవాబు విషయంలో మాత్రం రాజీ పడకండి. "ఐ బిట్ హిమ్ బికాజ్" అని విడమరిచి చెప్తే "కుట్టనా?" అన్న మాటలోని పొగరు చచ్చిపోతుంది. "వోంట్ ఐ బైట్?" అన్న మూడు మాటల్లో ఆ పొగరు నిలబడుతుంది, మూడో తరగతి పిల్లల నోరూ తిరుగుతుంది.

బొమ్మల దగ్గర కాస్త కష్టపడాలి. ముప్ఫై ముప్ఫైఐదు మంది ఉన్న గదిలో వెనక బెంచీకి కనబడాలంటే ఒక్కో బొమ్మ ఏ ఫోర్ కాగితం అంత ఉండాలి. గీత మార్కర్‌తో గీయాలి, స్కెచ్ పెన్ గీత దూరానికి ఆనదు. చేప, గడ్డి, ఆవు, పిల్లాడు, అవ్వ, పసిబిడ్డ కలిపి ఆరు కార్డులు. ఏడోదైన చీమను మాత్రం విజిటింగ్ కార్డంత ముక్క మీద గీసి జేబులో పెట్టుకోండి. ఆరు పెద్ద బొమ్మలు వరుసగా బోర్డుకెక్కాక జేబులోంచి ఆ చిన్న ముక్క తీస్తే, మాట అనకముందే నవ్వు మొదలవుతుంది. వెనక వాళ్లు కనబడక లేచి నిలబడతారు. నిలబడనివ్వండి. అంత పెద్ద గొలుసుకట్టు చివర ఇంత చిన్న చీమ ఉండటమే కదా ఈ కథలో హాస్యం.

మొదటి రోజు నలభై నిమిషాల పీరియడ్‌లో తెలుగు కథకు ఐదు నిమిషాలు చాలు. హైదరాబాద్ తరగతిలో చాలామంది ఇంట్లో ఉర్దూనో హిందీనో మాట్లాడతారు, వాళ్లకు ఈ కథ తెలియకపోవచ్చు. అది లోటనుకోకండి. కథ తెలిసిన పిల్లలకు ముందే ఒక మాట చెప్పండి: చివర ఎవరొస్తారో ఇప్పుడే బయటపెట్టొద్దు. తెలిసిన ఒకరినీ తెలియని ఒకరినీ జంటగా కూర్చోబెట్టండి. మఛ్లీ, ఘాస్, గాయ్, చీంటీ అన్న నాలుగు మాటలు కథలో ఎక్కడికక్కడ ఒక్కసారి వినిపిస్తే ఉర్దూ పిల్లలకూ కథ అందుతుంది. మీకు ఆ మాటలు రాకపోతే ఆ పిల్లలనే అడగండి, చెప్పడం వాళ్లకూ ఇష్టమే. అవ్వ, నానమ్మ, అమ్మమ్మ, దాదీ, నానీ అందరూ ఇంగ్లీషులో గ్రాండ్‌మాయే.

తర్వాత కార్డులు చూపిస్తూ ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పండి. మొదటిసారి పిల్లలు వినడమే. రెండోసారి "ఫిష్, ఫిష్" అన్న పిలుపు వాళ్లది, మిగతా వాక్యం మీది. ముందుగా ఇరవై మాటల పట్టిక రాసి అర్థాలు కంఠస్థం చేయించి కథలోకి దిగడం చాలాచోట్ల చూస్తాం. ఆ పట్టికలో యాంట్ అన్న మాట కనబడగానే కథ గుట్టు రట్టయినట్టే.

కథ ఎత్తుగడలోనే ఒక చిక్కుంది. రాజుకు ఏడుగురు సన్స్, వాళ్లు చేపల్ని సన్‌లో ఎండబెట్టారు. కొడుకు, సూర్యుడు రెండూ చెవికి ఒకటే. రాజుగారి అబ్బాయి మీద చేపలు ఆరేశారేమో అనుకునే పిల్లలు ఉంటారు. "సెవెన్ సన్స్" అన్నప్పుడు ఏడు వేళ్లు చూపించండి. ఎండ దగ్గర ఎప్పుడూ "ద హాట్ సన్" అని కలిపే అనండి, బోర్డు మీద సూర్యుణ్ణి గీసి చెయ్యి అటు చూపించండి.

అసలు పని రెండో రోజు. తెలుగు పిల్లలు ఈ ప్రశ్నలో రెండు చోట్ల తప్పుతారు. ఒకటి, "వై యూ డిడంట్ డ్రై?" అంటారు. తెలుగులో ప్రశ్న వేయడానికి మాటల వరుస మార్చం కాబట్టి ఇంగ్లీషులోనూ మార్చరు. రెండు, "వై డిడంట్ యూ డ్రైడ్?", "వెంట్?", "కుక్డ్?" అంటారు. జరిగిపోయిన పనికి క్రియ మారాలని అప్పటికే నేర్చుకుని ఉంటారు, ఆ పని డిడ్ ఒక్కటే చేసేసిందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. సూత్రం చెప్పబోతే తలకెక్కదు. చేత్తో చెప్పండి.

కుడి చెయ్యి ఎత్తి బొటనవేలు అరచేతిలోకి మడవండి. మిగిలిన నాలుగు వేళ్లూ నాలుగు మాటలు: చూపుడువేలు వై, మధ్యవేలు డిడంట్, ఉంగరపువేలు యూ, చిటికెనవేలు డ్రై. మడిచిన బొటనవేలు "డ్రైడ్"లో తోకలా వచ్చే చివరి డ్. అది డిడంట్ లోపల దాక్కుంది కాబట్టి బయటికి రాకూడదు. పిల్లలందరూ వేళ్లు పట్టుకుంటూ ఏడు ప్రశ్నలూ అంటారు. ఎవరైనా "డ్రైడ్" అంటే మీరు నోరు విప్పకుండా మడిచిన బొటనవేలు చూపించండి. వరుస తప్పితే మధ్యవేలు, ఉంగరపువేలు తాకండి. ఆట ఆగదు, పిల్లాడు తనే సవరించుకుంటాడు. జవాబుల్లో "క్రైడ్", "బిట్" వచ్చినప్పుడు బొటనవేలు విప్పి చూపించండి, డిడ్ లేని చోట అది బయటికొస్తుంది. ఇలా పది నిమిషాలు చేయించి ఆపేయండి. ఇంకా సాగదీస్తే కథ పోయి వ్యాకరణం మిగులుతుంది.

ఉచ్చారణలో అన్నీ ఒకేసారి దిద్దబోకండి. ఒకటి మాత్రం వదలొద్దు: మాట చివర ఉకారం. ఫిషు, గ్రాసు, యాంటు అని సాగదీయడం మన నోటికి సహజం. ఫిష్ అన్నప్పుడు పెదవుల మీద వేలు పెట్టించండి, ఎవరినైనా ఊరుకోమనేటప్పుడు పెట్టినట్టు. "ష్" దగ్గర మాట దానంతటదే ఆగుతుంది. యాంట్ దగ్గర రెండు వేళ్లు గిల్లినట్టు టక్కున మూయించండి. పిల్లలు ఫిషెస్ అన్నా ఇప్పుడు దిద్దాల్సినంత తప్పు కాదు.

కుట్టడం అన్న మాటకు నిఘంటువు తీస్తే బట్టలు కుట్టడమూ ఎదురవుతుంది. తెలుగులో చీమ, తేలు, దర్జీ అందరూ కుడతారు. ఇంగ్లీషులో చీమది బైట్, తేలుది స్టింగ్, దర్జీది స్టిచ్. ఈ కథకు బైట్ చాలు.

ఇక ఆడించడం. ఏడుగురిని వరుసగా నిలబెట్టండి, కార్డులు మెడలో వేయండి. ప్రశ్న తరగతి అంతా కలిసి అడగాలి, జవాబు ఒక్కరిదే. సిగ్గుపడే పిల్లలకు గడ్డి, ఆవు ఇవ్వండి, కదలకుండా ఒక వాక్యం చెప్తే సరిపోతుంది. చీమ వేషం గట్టిగా మాట్లాడేవాళ్లకు కాకుండా తరగతిలో అందరికంటే పొట్టిగా ఉన్న పిల్లకో పిల్లాడికో ఇవ్వండి, అయితే ముందు రోజే అడిగి, ఇష్టమంటేనే. చీమ గొంతు సన్నగా కీచుమనకూడదు. రాజదర్బారులో మాట్లాడినట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిదానంగా పలకాలి. "మై గోల్డెన్ హౌస్" అన్నాక లోపల మూడు అంకెలు లెక్కపెట్టుకుని ఆగి, అప్పుడు "వోంట్ ఐ బైట్?" అనాలి. ఆ విరామం లేకపోతే నవ్వు రాదు. నవ్వు వచ్చినప్పుడు "సైలెన్స్" అని బల్ల కొట్టకండి, పది సెకన్లలో అదే తగ్గుతుంది.

ఏడుగురు ఆడితే మిగతా వాళ్లు ఖాళీగా ఉండరు, ప్రశ్న వాళ్లదే కాబట్టి. పీరియడ్‌లో మూడు జట్లు ఆడొచ్చు. నాలుగో జట్టుకు తరగతి అలసిపోతుంది, మిగిలిన వాళ్లకు మర్నాడు అవకాశం ఇవ్వండి.

రాత తరగతిని బట్టి పెట్టాలి. ఒకటి, రెండు తరగతులకు ఏడు బొమ్మలు గీసి పేర్లు రాస్తే సరి. మూడో తరగతికి ఏవైనా రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. నాలుగు, ఐదు తరగతులకు మాత్రం సొంత గొలుసు కట్టమనండి. నియమం ఒక్కటే: చివర జవాబు చెప్పేది అన్నిటికంటే చిన్నది కావాలి, తప్పంతా ఎదుటివాడిదే అన్నట్టు మాట్లాడాలి. బోర్డు మీద ఒక నమూనా కట్టి చూపించండి, వానాకాలపు హైదరాబాద్ ఉండనే ఉంది:

బస్, బస్, వై డిడంట్ యూ కమ్? — ద వాటర్ వాజ్ ఇన్ మై వే.
వాటర్, వాటర్, వై డిడంట్ యూ గో? — ద డ్రెయిన్ డిడంట్ టేక్ మీ.
డ్రెయిన్, డ్రెయిన్, వై డిడంట్ యూ హెల్ప్? — ద కవర్ వాజ్ ఇన్ మై వే.
కవర్, కవర్, వై డిడ్ యూ ఫాల్? — ద బాయ్ డ్రాప్డ్ మీ.
బాయ్, బాయ్, వై డిడ్ యూ డ్రాప్ ఇట్? — ద మస్కిటో బిట్ మీ.
మస్కిటో, మస్కిటో, వై డిడ్ యూ బైట్? — హి పుట్ హిజ్ ఫుట్ ఇన్ మై గోల్డెన్ డ్రెయిన్. వోంట్ ఐ బైట్?

పిల్లలు రాసినవాటిలో డిడ్, డిడంట్ పక్కన క్రియ సరిగ్గా ఉందా లేదా అన్నదే చూడండి. స్పెల్లింగ్ తప్పులకు ఎర్ర పెన్ను పెట్టొద్దు, సరైన మాట పక్కన పెన్సిల్‌తో రాయండి చాలు. రెండు వారాలు ఆగి, ఏ హెచ్చరికా లేకుండా ఒక రోజు హాజరు వేళ ఒక్కొక్కరి చేతా "వై డిడంట్ యూ?" అని ఏదో ఒకటి అడిగించండి. హోంవర్కు గురించి, టిఫిన్ గురించి, నిన్న బడికి రాకపోవడం గురించి. కథలో లేని క్రియతో పిల్లాడు ప్రశ్న సరిగ్గా వేశాడంటే ఆ వాక్యం వాడిదైనట్టు. అక్కడ ఇంకా తడబడుతున్న వాళ్ల పేర్లు రాసుకుని, మరుసటి వారం ఆ ఏడెనిమిది మందితోనే జేబులోని చీమను మళ్లీ బయటికి తీయండి.